పల్లెలో సొంతింటి వేట: విసిగించే అపోహలు, తెలుసుకోవలసిన వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలు ఆడుకునే వాకిలి, పెద్దవాళ్లు కూర్చునే అరుగు, పెరట్లో ఒక వేపచెట్టు ఉన్న ఇంటి కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలను ఆదివారాలన్నీ జల్లెడ పడుతున్న కుటుంబాలు ఈమధ్య బాగా పెరిగాయి. స్థిరాస్తి పత్రాలను పరిశీలించే న్యాయవాదిగా నేను ఈ కుటుంబాలను వెతుకులాట మొదట్లో కాకుండా, విసిగిపోయి మానుకుందామనుకునే దశలోనే ఎక్కువగా చూస్తాను. వారి విసుగుకు కారణం ఇళ్ల కొరత కాదు. ముందు ఇంటిని చూసి మనసు పారేసుకుని, తర్వాత పత్రాలు అడిగి, అన్నీ అయ్యాక నీళ్ల సంగతి తెలుసుకునే వరుసే వారిని అలసిపోయేలా చేస్తోంది. ఈ వరుసను తలకిందులు చేస్తే, చూడవలసిన ఇళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గిపోతుంది.

అపోహ: ఊళ్లో తాళం వేసిన ఇళ్లు ఇన్ని ఉన్నాయి కాబట్టి అమ్మేవారు సులభంగా దొరుకుతారు.

పాలమూరు నుంచి ముంబై, పుణెలకు, నల్లగొండ నేత కుటుంబాల నుంచి భివండీ, సూరత్‌లకు తరతరాలుగా వలసలు సాగినందువల్ల తాళం పడిన ఇళ్లు నిజంగానే చాలా ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం తాత పేరు మీదనో, ముత్తాత పేరు మీదనో ఆగిపోయిన ఇళ్లు. ఊళ్లో ఉన్న ఒక కొడుకు తాళం తీసి చూపిస్తాడు, ధర కూడా చెబుతాడు. అతను చూపించగలడు గాని, ఒక్కడే అమ్మలేడు.

ఇక్కడ ఆడపిల్లల వాటా సంగతిని చాలామంది తేలికగా తీసుకుంటారు. తండ్రి స్వార్జితమైన ఇంట్లో, ఆయన వీలునామా రాయకుండా మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా వస్తుంది. పిత్రార్జిత ఆస్తిలో, ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే అవివాహితలైన కూతుళ్లకు హక్కు కల్పించారు, 2005 కేంద్ర సవరణ దానిని కూతుళ్లందరికీ విస్తరించింది, తండ్రి ఆనాటికి జీవించి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాలకు, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలకు మాత్రం మినహాయింపు ఉంది. “చెల్లెండ్లకు పెళ్లినాడే అన్నీ పెట్టినం” అని అన్న చెప్పే మాట కుటుంబ సంబంధాల్లో ఎంత నిజమైనా, విక్రయ పత్రం మీద చెల్లెలి సంతకానికి బదులు కాదు. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లకముందే వంశవృక్షం రాయించుకోవాలి. వారసులంతా ఒక తేదీన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి రాగలరా అని ఫోనులోనే అడగాలి. సమాధానం నసుగుతూ వస్తే పెట్రోలు ఖర్చు మిగిలినట్టే.

అపోహ: పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఉంటే ఇల్లు ఆయనదే.

పన్ను రసీదు పన్ను కట్టినట్టు మాత్రమే చెబుతుంది, యాజమాన్యాన్ని నిరూపించదు. గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) పాత ఇళ్లకు సాధారణంగా విడిగా సర్వే నంబరుగాని, పట్టాదారు పాసుపుస్తకంగాని ఉండవు కాబట్టి, రసీదునే పత్రంగా చూపించే అలవాటు పాతుకుపోయింది. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు పత్రం తప్పనిసరి అన్నది నూరేళ్లకు పైబడిన నియమం. తెల్లకాగితం మీద కొన్న ఇంటిని సాదాబైనామా కింద క్రమబద్ధీకరించుకోవచ్చని కూడా కొందరు భరోసా ఇస్తుంటారు. ఆ వెసులుబాటు చిన్న, సన్నకారు రైతుల వ్యవసాయ భూములకు సంబంధించినది, ఊళ్లోని ఇంటికి వర్తించదు.

ఈసీ (ఆస్తి లావాదేవీలను చూపే ధ్రువపత్రం) శుభ్రంగా ఉంటే చాలన్నది దీని పక్కనే ఉండే మరో నమ్మకం. ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. నోటిమాట పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావాలు, తెల్లకాగితపు ఒప్పందాలు అందులోకి రావు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచే మొదలవుతుంది కాబట్టి, అంతకు ముందరి చరిత్ర కావాలంటే కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించుకోవాలి.

అపోహ: ఇల్లు దొరక్కపోతే ఐదు గుంటల ఫామ్ ప్లాట్ కొని కట్టుకోవచ్చు.

విసిగిపోయిన కుటుంబాలు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. గుంట అంటే 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు. వ్యవసాయ భూమిని లేఅవుట్ అనుమతి లేకుండా 20 గుంటల లోపు ముక్కలుగా చేసి అమ్మడం నిబంధనలకు విరుద్ధమని అధికారులు పదేపదే హెచ్చరిస్తున్నా, మామిడి మొక్కలు నాటి, కమాను కట్టి, అవిభాజ్య వాటా (హద్దులు విడగొట్టని ఉమ్మడి వాటా) పేరిట అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. అలా కొన్నవారికి హద్దులు కాగితం మీద ఒకచోట, మోక (నేల) మీద మరొకచోట ఉంటాయి. నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయిందని చూపించినా తొందరపడకూడదు, ఎందుకంటే అది భూమి వినియోగాన్ని మాత్రమే మారుస్తుంది, లేఅవుట్ అనుమతికి, ఇంటి అనుమతికి ప్రత్యామ్నాయం కాదు.

అపోహ: పాసుపుస్తకం ఉన్న భూమికి ఇక ఢోకా లేదు.

2020 అక్టోబర్‌లో ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి అనే భూ రికార్డుల పోర్టళ్లు వచ్చాయి గాని, భూమి పుట్టుక మాత్రం పాత రికార్డుల్లోనే ఉంది. 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ అనే పాత భూమి రికార్డులు చూడకుండా నేను ఏ పొలానికీ సరేనని చెప్పను. లావణి పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన) భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు, కొన్నవారికి హక్కు రాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాల దానంతో మొదలైన భూదానోద్యమం ఈ ప్రాంతానికి గర్వకారణమే అయినా, అలా దానమిచ్చిన భూములు చేతులు మారుతూ అమ్మకానికి రావడం కొనేవారికి పెద్ద ప్రమాదం. దేవాదాయ, వక్ఫ్, ఇనాం, రక్షిత కౌలు భూములనూ ఇదే జాగ్రత్తతో చూడాలి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాను సర్వే నంబరు ఉపవిభాగంతో సహా సరిచూసుకోవాలి.

అపోహ: బోరు పడితే నీళ్లు ఉన్నట్టే, మరిగించుకుంటే ఫ్లోరైడ్ పోతుంది.

ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, అందులోని ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా దానిని ఆపలేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి, నారాయణపూర్ మండలాల్లో వంకరపోయిన ఎముకలతో తరాలు గడిచాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టడమే ఇక్కడి సమస్య తీవ్రతకు నిదర్శనం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఇంకా లోతుకు వేస్తే మంచినీళ్లు పడతాయన్న హామీ లేదు, ఎందుకంటే ఆ ఫ్లోరైడ్ వచ్చేదే గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి.

మిషన్ భగీరథ వచ్చాక ఊళ్లలో తాగునీటి పరిస్థితి చాలా మారిన మాట నిజమే. కాని ఆ నల్లా ఊరి నివాస ప్రాంతానికి వస్తుంది, ఊరికి కిలోమీటరు దూరంలో పొలం మధ్య కట్టుకున్న ఇంటికి దానంతట అది రాదు. అందుకని మే నెలలో ఒకసారి వెళ్లి, పక్క రైతు బోరు ఎన్ని గంటలు పోస్తుందో అడిగి, ఆ నీటిని పరీక్ష చేయించండి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి అవసరమని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: చెరువు ఎదురుగా ఉన్న స్థలం దొరికితే అదృష్టం.

ఎండాకాలంలో పచ్చికబయలులా కనిపించేది శిఖం (చెరువు నీరు నిలిచే) భూమి కావచ్చు. శిఖం పట్టా ఉన్నా అది నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే, కట్టడానికి కాదు. పూర్తి నీటిమట్టం హద్దు నుంచి, పది హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకైతే 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు వదలాలి. నీటిపారుదల శాఖ పటం చూడకుండా ఊరివాళ్ల జ్ఞాపకం మీద ఆధారపడవద్దు, వరుస కరువుల్లో నిండని చెరువు ఎక్కడిదాకా వచ్చేదో చిన్నవాళ్లకు తెలియదు.

అపోహ: పాత మట్టింటిని బాగుచేసుకోవడం కొత్తది కట్టడం కన్నా చవక.

కొన్నిసార్లు మాత్రమే. దూలాలు, దంతెలు చెదలు పట్టకుండా ఉంటే గూన పెంకుల ఇంటిని నిలబెట్టుకోవచ్చు. మట్టితో కట్టిన రాతిగోడల మీద కాంక్రీటు స్లాబు వేయాలనుకుంటే మాత్రం ఇంజినీరును చూపించకుండా అడుగు వేయకండి. నల్లరేగడి నేల అయితే పునాది ఖర్చు వేరే లెక్క.

వాస్తు విషయంలో నేను వాదించను. కాని దక్షిణం వాకిలి అని మంచి పత్రాలున్న ఇంటిని వదులుకుని, తూర్పు వాకిలి కోసం దావాలో ఉన్న ఇంటికి వెళ్లిన కుటుంబాలను చూశాను.

అపోహ: బయానా (అడ్వాన్సు) ఇస్తే ఇల్లు ఖాయమైనట్టే.

అమ్మకపు ఒప్పందం ఆస్తి మీద హక్కు కల్పించదు, ఒప్పందాన్ని అమలు చేయమని కోరే అవకాశం మాత్రమే ఇస్తుంది, దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు. బయానా కాగితం మీద వారసులందరి పేర్లు, కొలతలు, నాలుగు హద్దులు, రిజిస్ట్రేషన్‌కు తుది తేదీ ఉండాలి. పత్రాల్లో లోపం తేలితే ఎన్ని రోజుల్లో సొమ్ము తిరిగి ఇస్తారో స్పష్టంగా రాయించాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రస్తుతం ఆస్తి విలువలో ఏడున్నర శాతం, దానిని ఎవరు భరించాలో కూడా అక్కడే రాసుకోవాలి. బయానా సొమ్మును చెక్కుతో ఇచ్చి, దాని నంబరును ఒప్పంద పత్రంలోనే రాయించుకోండి.