నయాగరాని రాత్రిళ్ళు కట్టేస్తారా?

హనుమకొండ

చి. అన్వికి, చి. రిషికి తాత ఆశీస్సులు.

రిషీ, మొన్న వీడియో కాల్‌లో నువ్వు అడిగిన దానికి మీ నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. "తాతా, అందరూ పడుకున్నాక నయాగరాని కట్టేస్తారా?" అన్నావు కదా. అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. మొత్తం కట్టెయ్యరు గానీ, దూకే నీళ్ళను సగానికి సగం దాకా తగ్గిస్తారు. జూన్‌లో అమ్మమ్మా నేనూ వచ్చాక అందరం కలిసి వెళ్దామంటున్నారు కాబట్టి ఆ సంగతీ, దాంతోపాటు ప్రయాణం సంగతీ రాస్తున్నాను. అక్క చదువుతుంటే విను.

అన్వీ, ఇక్కడికొచ్చినప్పుడు పాకాల చెరువు చూశావు, గుర్తుందా? కాకతీయుల కాలంలో మన వైపు చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. పై చెరువు నిండితే మత్తడి, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే రాతికట్టు, దుంకుతుంది. ఆ నీళ్ళు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. అదీ నిండితే దాని మత్తడి, మళ్ళీ వాగు, మళ్ళీ చెరువు. మీ దేశం ఉత్తరపు అంచున ఉన్నదీ అదే ఏర్పాటు, కాకపోతే ఎవరూ తవ్వలేదు. సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో అని ఐదు చెరువులు. చెరువులంటున్నాను గానీ ఒక్కోదానికీ అవతలి ఒడ్డు కనబడదు. పై మూడింటి నీళ్ళూ ఈరీలో చేరి, అక్కణ్ణుంచి ఒంటారియోలోకి దిగాలి. దిగే వాగు పేరు నయాగరా నది. పొడవు 58 కిలోమీటర్లే. ఆ కాస్త దూరంలోనే 99 మీటర్ల పల్లానికి దిగుతుంది, అందులో 57 మీటర్లు ఒక్క దూకులో. ఆ దూకే చోటే మనం చూడబోయే మత్తడి.

మన దగ్గర భాద్రపదంలో మత్తడి పోసిందంటే ఊరు ఊరంతా కట్ట మీదే ఉంటుంది. పిల్లల కళ్ళు నీళ్ళ మీద, పెద్దల కళ్ళు పిల్లల మీద. పది పదిహేను రోజులకు నీళ్ళు సన్నబడి రాళ్ళు తేలతాయి. నయాగరాకి ఆ ఎండటం లేదు. పైన నాలుగు సముద్రాలంత చెరువులు నిండుగా ఉన్నాయి కాబట్టి ఏడాది పొడవునా మత్తడే.

చెరువుకు మత్తడి ఒక్కటే ఉండదు, తూము కూడా ఉంటుంది. పొలాలకు నీళ్ళు తూములోంచి పోతాయి, మిగిలినవి మత్తడి మీదుగా. నయాగరాకీ తూములున్నాయి. జలపాతానికి కాస్త పైన, నదిలోకి గేట్లున్న ఆనకట్ట ఒకటి కనబడుతుంది. దాని సాయంతో అటు కెనడా, ఇటు అమెరికా తమ తమ సొరంగాల్లోకి నీళ్ళు మళ్ళించి, దిగువన ఉన్న కేంద్రాల్లో కరెంటు తీస్తాయి. తూము ఎంత తెరిస్తే మత్తడి అంత సన్నబడుతుంది. మన ఊళ్ళలో అయితే ఎవరికెంతో చూసే నీరటి ఉంటాడు. ఇక్కడ రెండు ఊళ్ళు కాదు, రెండు దేశాలు. అందుకని 1950లో కాగితం రాసుకున్నారు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు జలపాతం మీద 1 లక్ష క్యూసెక్కులకు తక్కువ పోకూడదు. సెప్టెంబర్ 16 నుంచి అక్టోబర్ చివరి దాకా రాత్రి 8 వరకే ఆ లెక్క. మిగతా వేళల్లో, చలికాలం అంతా పగలు కూడా, 50 వేలు పోతే చాలు. రిషీ, నీ ప్రశ్నకు జవాబు అదీ. జనం చూసే వేళ మత్తడికి, చూడని వేళ తూముకు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి పది లక్షల క్యూసెక్కులు దాటిందని వరదల్లో పేపర్లో చదివే మాకు లక్ష ఏపాటి అనిపించవచ్చు. కానీ గోదావరి వరద నాలుగు రోజులు ఉండి తీస్తుంది, అదీ ఇలా నిటారుగా దూకదు.

ఇక ఒక్క చోట నా చెరువు లెక్క తప్పుతుంది. మన మత్తడి రాయి పేర్చి కట్టింది, కదలదు. నయాగరా మత్తడి వెనక్కి నడుస్తుంది. పైన గట్టి సున్నపురాయి పలక, దాని కింద మెత్తటి పలకమన్ను లాంటి రాయి. దూకిన నీళ్ళు కింద సుడులు తిరిగి మెత్తటి రాయిని తినేస్తాయి. కింద ఆసరా పోయాక పై పలక తన బరువుకు తానే విరిగి పడుతుంది. అలా సుమారు 12 వేల ఏళ్ళలో 11 కిలోమీటర్లు వెనక్కి వచ్చింది. 1954లో అమెరికా గట్టున ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర పెద్ద ముక్క ఇలాగే కూలింది. 1969లో అమెరికా సైన్యపు ఇంజనీర్లు అడ్డుకట్ట వేసి, అక్కడి మూడు జలపాతాల్లో ఒకటైన అమెరికన్ జలపాతాన్ని కొన్ని నెలలు నిజంగానే ఎండబెట్టారు, కింద పడ్డ బండలను తీసెయ్యాలా అని చూడటానికి. చివరికి అలాగే వదిలేశారు. కాబట్టి ఆ ఒక్క జలపాతాన్ని పూర్తిగా కట్టెయ్యడమూ ఒకసారి జరిగింది, రిషీ. రాత్రిళ్ళే కాదు, పట్టపగలు కూడా.

ఇప్పుడు ఏ గట్టు మీద నిలబడాలన్నది. అక్కడున్నవి మూడు జలపాతాలు. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న హార్స్‌షూ పెద్దది, పదింట తొమ్మిది వంతుల నీళ్ళు దాంట్లోనే. సరిహద్దు గీత దాని మీదుగానే పోతుంది, ఎక్కువ భాగం కెనడాది. తిన్నగా ఉండే అమెరికన్ జలపాతమూ, దాని పక్కన సన్నగా పైట జారినట్టుండే బ్రైడల్ వీలూ పూర్తిగా అమెరికావి. వీటికీ హార్స్‌షూకీ మధ్య గోట్ ఐలాండ్ అనే లంక. మత్తడి భాషలో చెప్పాలంటే, అమెరికా వైపు నిలబడటం కట్ట మీద, నీళ్ళు జారే రాయి పక్కనే నిలబడటం. చెయ్యి చాపితే తుంపర, కానీ మత్తడి మొత్తం ఒక్కసారి కళ్ళకు ఆనదు. కెనడా వైపు నిలబడటం వాగు అవతలి గట్టు మీంచి చూడటం. మూడూ ఎదురుగా వరసగా కనబడతాయి. ఫోటోలు అక్కడివే బాగుంటాయి. నన్నడిగితే ఒకే గట్టుకు వీలుంటే అమెరికా వైపే. నీళ్ళ దగ్గరికి వెళ్ళాకే నీళ్ళు తెలుస్తాయి.

అవతలి గట్టుకు వెళ్ళాలా వద్దా అన్నది బాగుండటంతో తేలదు, కాగితాలతో తేలుతుంది. మన ఒక్క కారులోనే రకరకాల కాగితాలున్నాయి. రిషి అక్కడ పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. పదహారేళ్ళలోపు పిల్లలకు రోడ్డు దారిన జనన ధ్రువపత్రం చాలు, అయినా పాస్‌పోర్టు ఉంటే మాట్లాడే పని ఉండదు. అన్వి, అమ్మ, నాన్న, మేమిద్దరం భారత పాస్‌పోర్టు వాళ్ళం. అమెరికా వీసా ఎంత గట్టిదైనా కెనడాకు పనికిరాదు, విడిగా కెనడా విజిటర్ వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకైతే ఆ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే చాలు. వీసాకు వేలిముద్రలివ్వాలి, తర్వాత పాస్‌పోర్టు పంపించి ముద్ర వేయించుకోవాలి. వారాల పని. జూన్ ప్రయాణానికి మే నెలలో మొదలుపెడితే ఇవతలి గట్టే గతి.

తిరిగి రావడం ఇంకో సంగతి. చాలామంది వెళ్ళేటప్పుడు కెనడా వీసా ఒక్కటే చూసుకుంటారు. తిరిగి అమెరికాలోకి రావడానికి మామూలుగా పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు మిగిలి ఉండాలి, అది మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. మీ అమ్మానాన్నల హెచ్-1బి (ఉద్యోగ), హెచ్-4 (కుటుంబ) వీసా ముద్రల గడువు చూడమను, ఆమోదపత్రం గడువు కాదు, పాస్‌పోర్టులో అతికించిన వీసాది. అది తీరిపోయి ఉంటే లాయరును అడగనిదే సరిహద్దు వంతెన ఎక్కొద్దు. పిల్లలు అమ్మతో గానీ నాన్నతో గానీ ఒక్కరితోనే వెళ్తే, రెండోవాళ్ళ సమ్మతి ఉత్తరం దగ్గర ఉంచుకోవాలి.

అన్నీ కుదిరితే కారు ఇవతలే పెట్టి రెయిన్‌బో బ్రిడ్జి మీద నడిచి వెళ్దాం. 1941లో తెరిచిన వంతెన అది. నడిచేవాళ్ళకు చిన్న టోలు ఉంటుంది, చిల్లర ఉంచుకోండి. సరిగ్గా మధ్యలో సరిహద్దు పలక కనబడుతుంది. అక్కడ ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడనిదే రిషి కదలడని నాకు తెలుసు. అమ్మమ్మకు ముందే చెప్పండి: తిరిగొచ్చేటప్పుడు సంచిలో నిమ్మకాయలు, నారింజలు, పచ్చి కరివేపాకు ఉండకూడదు. కరివేపాకూ నిమ్మజాతి మొక్కే, నిమ్మతోటలను చంపే తెగులును మోసే పురుగు దాని మీద ఉంటుందని రానివ్వరు. పులిహోర అవతలి గట్టునే ఖాళీ చేసి, మిగిలిన తినుబండారాలు ఏమున్నాయో అడక్కముందే చెప్పేయాలి.

పడవ ఏ గట్టు నుంచైనా ఉంది. అమెరికా పడవ మెయిడ్ ఆఫ్ ది మిస్ట్‌లో నీలం రంగు పోంచో, అంటే తల మీంచి తొడుక్కునే పలచటి వాన తొడుగు, ఇస్తారు, కెనడా పడవలో ఎరుపు. రెండూ ఒకే నీళ్ళలో, హార్స్‌షూ ఒంపులోకి వెళ్ళి తిరిగొస్తాయి. ఎక్కిన గట్టుకే దిగుతాం కాబట్టి పడవ గీత దాటినా వీసా అడగరు. ప్రయాణం ఇరవై నిమిషాలు, అంతా నిలబడే. పోంచో మోకాళ్ళ కింద ఆగిపోతుంది. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకుంటాయి, ఆ రోజుకు చుడీదార్ వేసుకోమని మీరే ఒప్పించాలి, నా మాట వినదు. బూట్లు వద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఫోను జిప్ కవర్లో. కళ్ళజోడు వాళ్ళకు తుడుచుకోవడానికి పొడి గుడ్డ పోంచో లోపల, బట్టల జేబులో ఉండాలి, బయట పెట్టింది ఏదీ పొడిగా ఉండదు.

గోట్ ఐలాండ్ మీంచి కేవ్ ఆఫ్ ది విండ్స్ ఉంది. లిఫ్టులో కిందికి దిగి, చెక్క మెట్ల మీదుగా బ్రైడల్ వీల్ కిందికి వెళ్ళాలి. చివరి మెట్టయిన హరికేన్ డెక్ జలపాతానికి 20 అడుగుల్లో ఉంటుంది. దానికి పిల్లల ఎత్తు 42 అంగుళాలుండాలి. రిషీ, గోడకు ఆనుకుని అక్కతో కొలిపించుకో, మడమలెత్తకుండా. ఆ చెక్క మెట్లను ఏటా చలికాలం ముందు విప్పేసి, వసంతంలో మళ్ళీ కడతారు. మంచు విరగ్గొట్టేస్తుందని. అందుకే ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళు ఒక్కోసారి అది తెరవక ఉసూరుమంటారు. జూన్‌లో ఆ బాధ లేదు. అమ్మమ్మ మోకాళ్ళకు ఆ మెట్లు వద్దు. ఆమె, నేను పైన టెరాపిన్ పాయింట్ కటకటాల దగ్గర కూర్చుంటాం.

మీ ఊరు ఎడిసన్ నుంచి కారులో ఆరున్నర, ఏడు గంటలు. సెలవుల రద్దీ ఉండే జూలై 4 వారం, మే చివరి సోమవారం, సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే వారాంతాలు వదిలేసి, మంగళవారమో బుధవారమో పెట్టుకోమను నాన్నని. నయాగరా ఫాల్స్ స్టేట్ పార్కుకు ప్రవేశం ఉచితం, కారు పెట్టుకోవడానికే డబ్బు. ఒక్క పూటలో చూసి తిరిగి రావడం మాత్రం వద్దు, ఒక రాత్రి ఉండాలి. చీకటి పడ్డాక కెనడా గట్టు నుంచి రంగు దీపాలు వేస్తారు, ఇవతలి గట్టుకూ కనబడతాయి. ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. కాబట్టి అమెరికా గట్టున పొద్దున్న, కెనడా గట్టున సాయంత్రం.

రాత్రి ఉండమనడానికి అసలు కారణం రిషి ప్రశ్నే. మరునాడు తెల్లవారి ఆరింటికే లేవండి. గోట్ ఐలాండ్‌కు ఆనుకుని, జలపాతానికి కాస్త పైన త్రీ సిస్టర్స్ అనే మూడు చిన్న లంకలున్నాయి, నడక వంతెనలు ఉన్నాయి. అక్కడ నీళ్ళలోకి దిగొద్దు, అంచుకు పోవద్దు, నాన్న చెయ్యి వదలొద్దు. వంతెన మీదే నిలబడి నది మధ్యలో ఒక్క బండను ఎంచుకోండి. అది ఎంత పైకి తేలి ఉందో, దాని పక్కన ఏ రాళ్ళు పొడిగా ఉన్నాయో ఒక కాగితం మీద అన్వి బొమ్మ గీయాలి. తర్వాత వెళ్ళి ఇడ్లీనో దోసెనో దొరక్కపోతే పాన్‌కేకో తినండి. తొమ్మిదింటికి అదే వంతెన మీదికి, అదే చోటుకి రండి. కాగితం తీసి బండ కోసం వెతకండి.

మీ
తాత

తా.క. రిషీ, కాగితాన్ని కూడా జిప్ కవర్లో పెట్టు.