స్కౌట్ కంటే ముందే బోనెక్కిన పిల్లలు

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవల పేరెత్తితే ముందు గుర్తొచ్చేది స్కౌట్ అనే చిన్నపిల్ల. చేయని నేరానికి టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషిని జ్యూరీ (తీర్పు చెప్పే పౌరుల బృందం) దోషిగా తేల్చడం ఆ పిల్లా, ఆమె అన్న జెమ్ బాల్కనీలో కూర్చుని చూస్తారు. వాళ్ల బాల్యం అక్కడితో సగం అయిపోతుంది. నవల 1960లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ కూడా అందుకుంది. కథాకాలం మాత్రం 1930లు. అప్పటి అమెరికాలోని అలబామా రాష్ట్ర కోర్టుల్లో పిల్లలు విచారణ చూడటమే కాదు, బోనులోనూ నిలబడ్డారు.

1931 మార్చి 25న చట్టనూగా నుంచి మెంఫిస్ వెళ్తున్న గూడ్సు బండిలో తెల్ల, నల్ల కుర్రాళ్లు కొట్టుకున్నారు. ఆర్థిక మాంద్యం రోజులు, పని వెతుక్కుంటూ టికెట్ లేకుండా గూడ్సు ఎక్కడం మామూలే. పెయింట్ రాక్ అనే ఊళ్లో బండి ఆపించి తొమ్మిది మంది నల్ల కుర్రాళ్లను దించారు. అదే బండిలో ఉన్న ఇద్దరు తెల్ల యువతులు తమపై అత్యాచారం జరిగిందన్నారు. పన్నెండు రోజులకే స్కాట్స్‌బరోలో విచారణ మొదలైంది. పిల్లల తరఫున నిలబడిన లాయరు టెనెసీ మనిషి, అలబామా పద్ధతులు తనకు తెలియవని కోర్టులోనే ఒప్పుకున్నాడు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. నాలుగు రోజుల్లో ఎనిమిది మందికి మరణశిక్ష పడింది.

తొమ్మిదోవాడు రాయ్ రైట్, పట్టుమని పదమూడేళ్లుంటాయేమో. చిన్నపిల్లాడు కదా, యావజ్జీవం చాలని ప్రాసిక్యూషనే అడిగింది. కాదు, చంపాల్సిందేనని కొందరు జ్యూరర్లు పట్టుబట్టడంతో తీర్పు తేలలేదు. పసితనం పోవడం గురించి మాట్లాడేటప్పుడు నాకు స్కౌట్ కంటే ముందు ఈ పిల్లాడే గుర్తొస్తాడు. అతనికి పసితనం ఉందని ఒప్పుకున్నదెవరు?

1933లో కేసు మళ్లీ విచారణకు వచ్చినప్పుడు, ఆ యువతుల్లో ఒకరైన రూబీ బేట్స్, అసలు అత్యాచారమే జరగలేదని కోర్టులో చెప్పింది. అయినా జ్యూరీ మళ్లీ దోషి అనే అంది. ఆ తీర్పును కొట్టేసిన జడ్జి జేమ్స్ హోర్టన్ జడ్జి పదవికి జరిగిన తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు.

రచయిత్రి హార్పర్ లీ సొంతూరు అలబామాలోనే ఉన్న మన్రోవిల్. ఆమె తండ్రి లాయరు. తెల్ల దుకాణదారుణ్ణి చంపారన్న కేసులో 1919లో ఇద్దరు నల్లజాతి మనుషుల తరఫున వాదించాడు. ఇద్దరినీ ఉరి తీశారు. ఆ తర్వాత ఆయన క్రిమినల్ కేసుల జోలికి పోలేదంటారు. ఆమెకు ఏడెనిమిదేళ్లప్పుడు అదే ఊళ్లో వాల్టర్ లెట్ అనే నల్లజాతి మనిషికి అత్యాచారం కేసులో మరణశిక్ష పడింది. దాన్ని యావజ్జీవంగా తగ్గించినా, 1937లో క్షయతో పోయాడు.

నవల రాసింది మాత్రం న్యూయార్క్‌లో, 1950ల చివర్లో. 1955లో మిసిసిపీలో పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లాడు ఎమెట్ టిల్‌ను చంపినవాళ్లను, తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంట పైచిలుకు చర్చతో వదిలేసింది. ఆ వేడి ఇంకా చల్లారని రోజులవి.

మన్రోవిల్ కథ అక్కడితో ఆగలేదు. 1980ల చివర్లో అదే ఊళ్లో జరిగిన ఒక హత్య కేసులో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషికి మరణశిక్ష వేశారు. నిర్దోషి అని తేలి 1993లో బయటికొచ్చాడు. ఆయన జైల్లో ఉండగానే, ఊరి పాత కోర్టు హాల్లో టామ్ రాబిన్సన్ విచారణను నాటకంగా ఆడటం మొదలుపెట్టారు.