ప్రమోషన్ కేసు గెలిచినా తెమలదెందుకు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురాల్లోని తెలుగువాళ్లలో ఒడిశా ప్రభుత్వోద్యోగులూ ఉన్నారు. ప్రమోషన్ కేసు గెలిచిన ఉద్యోగికి ముందుగా పట్టుకునే బెంగ: అవతలివాళ్లు పైకోర్టుకు వెళ్తారా? ఆ పైకోర్టు ఏదన్నదే ఒడిశాలో కొన్నిసార్లు మారింది.

మొదట అంతా కటక్ హైకోర్టే. 1985 నాటి చట్టం కింద 1986లో, ప్రభుత్వోద్యోగుల ఉద్యోగ వివాదాలు (సర్వీసు తగాదాలు) వినే ఒడిశా పరిపాలనా ట్రిబ్యునల్ వచ్చింది. ఆ చట్టం 28వ సెక్షన్ సర్వీసు తగాదాల్లో హైకోర్టును తప్పించింది. 1986 డిసెంబరులో సంపత్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దానికి సరేనంది. ఇక ట్రిబ్యునల్లో ఓడితే ఢిల్లీలోని సుప్రీంకోర్టే దిక్కు. ప్రభుత్వానికి అదొక లెక్క కాదు. గుణుపురం గుమాస్తా ఢిల్లీలో వకీలును పెట్టుకోవడమంటే మాటలా?

1997లో చంద్రకుమార్ తీర్పు ట్రిబ్యునళ్లను హైకోర్టు డివిజన్ బెంచి (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) కిందికి తెచ్చింది. ఓడినవాడికి ఆశ దక్కింది, గెలిచినవాడికి మరో మెట్టు పెరిగింది. ఈ రెండంచెల జాప్యాన్నే చూపి 2019 ఆగస్టులో ఒడిశా ట్రిబ్యునల్‌ను ఎత్తేశారు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రద్దును ఖాయం చేసింది. కేసులన్నీ తిరిగి కటక్‌కే చేరాయి.

అసలు చిక్కు మాత్రం కోర్టుల వరసలో లేదు. ఒకసారి తేలిన వివాదాన్ని అదే కక్షిదారులు మళ్లీ లేవనెత్తకూడదన్న సూత్రం రిట్లకూ (ప్రభుత్వ చర్యల మీద నేరుగా హైకోర్టులో, సుప్రీంకోర్టులో వేసే పిటిషన్లకూ) వర్తిస్తుందని 1961లోనే దర్యావ్ కేసు చెప్పింది. అయితే పదోన్నతి హక్కు కాదు, దానికి పరిశీలించమని అడగడమే హక్కు. కాబట్టి కోర్టు చాలావరకు 'మళ్లీ పరిశీలించండి' అని ఊరుకుంటుంది. ప్రమోషన్ల కమిటీ మళ్లీ కూర్చుంటుంది, మళ్లీ కాదంటుంది. ఆ కొత్త ఉత్తర్వు మీద కొత్త కేసు! పైగా సీనియారిటీ జాబితాలో ఒకరు పైకి జరిగితే మరొకరు కిందికి దిగాలి. కేసులో కక్షిదారులుగా చేర్చని ఆ జూనియర్లు, మా మాట వినకుండా ఎలా తేల్చారంటూ వస్తారు. వాళ్లదీ న్యాయమే.

పక్కవాడి కేసు తేలేదాకా ఆగి, అదే లాభం అడిగేవాళ్లు మరో రకం. ఒకే స్థితిలో ఉన్నవారికి మామూలుగా ఒకే ఫలితం ఇవ్వాలని, కానీ ఏళ్లతరబడి కదలకుండా కూర్చున్నవారికి అక్కర్లేదని 2014లో అరవింద్ కుమార్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సూత్రం సబబే కావచ్చు. కటక్‌కు దూరంగా, చాలీచాలని జీతంతో ఉన్నవాడు ఆగేది బద్ధకంతో కాదు, ఖర్చుకు జడిసి. 2023లో కొరాపుట్, మల్కన్‌గిరి వంటి జిల్లాల్లో హైకోర్టు వర్చువల్ (వీడియో విచారణ) కేంద్రాలు తెరిచాక ప్రయాణమైతే తగ్గింది. గడిచిపోయిన ఏళ్ల మీద మాత్రం ఆ 2014 తీర్పే చెల్లుతోంది.