పార్కులు, లైబ్రరీలు, కమ్యూనిటీ హాళ్లు: డెల్టా పట్టణంలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గోదావరి డెల్టాలోని ఒక మున్సిపాలిటీలో పార్కులు, పఠనమందిరాలు, కమ్యూనిటీ హాళ్లు, నిరాశ్రయుల వసతిగృహం చూసే బాధ్యత నాది. ఈ పని గురించి కౌన్సిల్ సమావేశాల్లో, వార్డు సచివాలయాల్లో, చివరికి మా చుట్టాల పెళ్లిళ్లలో కూడా అవే మాటలు వింటుంటాను. వాటిలో కొన్ని పట్టణానికి నిజంగా నష్టం చేస్తున్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: పార్కు స్థలం ఊరికే పడి ఉంది, ఏదో ఒకటి కట్టేస్తే పనికొస్తుంది

"ఊరికే పడుంది కదండీ మేడంగారూ, ఓ కల్యాణమండపం కట్టించెయ్యండి" అని నెలకొకరైనా అడుగుతారు.

వాస్తవం: అది ఊరికే పడిన స్థలం కాదు. లేఅవుట్‌కి అనుమతి కావాలంటే మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి అప్పగించాలి. ఆ స్థలం ఖరీదు అక్కడ ప్లాటు కొన్న ప్రతి కుటుంబమూ తమ ప్లాటు ధరలో కలిపి కట్టేసింది. బెంగళూరులో పార్కుకి ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, అది చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆసుపత్రి మంచిదే, అవసరమే. అయినా పార్కు స్థలంలో కుదరదంది.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. ఇక్కడి లేఅవుట్లన్నీ నిన్నమొన్నటి వరిచేలు. ప్లాట్లకి మెరక తోలతారు, రోడ్లకి గ్రావెల్ పోస్తారు, పార్కుకి వదిలిన మూల మాత్రం పాత చేను మట్టంలోనే ఉండిపోతుంది. తుపాను వాన పడిందంటే వీధి నీళ్లన్నీ ఆ పల్లంలోకే దిగి, రెండు మూడు రోజులు నిలిచి, మెల్లగా ఇంకుతాయి. ఆ పల్లం పూడ్చి భవనం కడితే ఆ నీళ్లు మాయమైపోవు, పక్క వీధిలో ఎవరింటి వంటగదిలోకో వెళతాయి. అందుకే నేను పార్కుల్లో సిమెంటు పలకలు పరవడానికి ఒప్పుకోను. నడక దారి తప్ప మిగతాదంతా మట్టిగానే ఉండాలని పట్టుబడతాను. దీనికోసం ఇంజినీరింగ్ విభాగంతో వాదన పడని ఏడాది లేదు.

అపోహ: డెల్టాలో నీళ్లకి కొదవేముంది, మొక్క గుచ్చితే అదే లేస్తుంది

దీన్ని నేనూ నమ్మాను. నమ్మి ఒక పార్కంతా పాడుచేశాను.

కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసింది 1852లో. అప్పటి నుంచి మనకి కాలువలే ప్రాణం. కానీ రబీ కోతలయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోగానీ వదలరు. ఆ ఎండల్లో పట్టణానికి ఉండేది మంచినీటి చెరువులో నింపుకున్న నీళ్లే. బిందె నీళ్ల కోసం శివారు కాలనీలు ట్యాంకర్ దగ్గర నిలబడుతుంటే, ఆ చెరువు నీళ్లు పచ్చికకి పెట్టడానికి ఎవరికీ చేతులు రావు, రాకూడదు కూడా. మరి బోరు వేస్తే? సముద్రానికి దగ్గరున్న మండలాల్లో బోరు నీళ్లు ఉప్పన.

నేను ఈ బాధ్యతలోకి వచ్చిన మొదటి ఏడాది ఒక పార్కులో లాన్ వేయించాను. వేసినప్పుడు తివాచీలా ఉంది, ఫొటోలు కూడా బాగా వచ్చాయి. మే నెలలో బోరు నీళ్లు పెట్టించాం. పది రోజులకి గడ్డి కొసలు ఎర్రబడ్డాయి, నేల మీద తెల్లగా పొక్కులాంటి పొర కట్టింది. మా తోటమాలి, ఆయనకి నా తండ్రి వయసు ఉంటుంది, పైపులోంచి దోసిట్లో నీళ్లు పట్టి నా ముందుంచాడు. "కాస్త నోట్లో పోసుకు చూడండి మేడంగారూ. మనం మింగలేంది అదేం తాగుద్దండీ" అన్నాడు. ఆయన ఆ మాట లాన్ వేసేముందే చెప్పాడట, మా ఆఫీసులో ఎవరూ నా దాకా తేలేదు. అప్పటి నుంచి మొక్కల జాబితా రాసేటప్పుడు తోటమాలీలు ఎదురుగా కూర్చోవాలన్నది మా విభాగంలో నియమం.

మొక్కలు తెచ్చే విషయంలోనూ ఒక మెలకువ కావాలి. కడియం పక్కనే ఉంది, దేశంలో ఎక్కడికైనా మొక్కలు పంపే ఊరు. కానీ అక్కడ ఎర్రమట్టి సంచిలో పెరిగిన మొక్కని తెచ్చి మన నల్లమట్టిలో నిలువు గొయ్యి తీసి పెడితే, ఆ గొయ్యి వానాకాలంలో నీళ్ల కుండ అవుతుంది, వేరు కుళ్లిపోతుంది. గొయ్యి వెడల్పుగా తీయాలి, తీసిన మట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలపాలి, మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తున ఉండాలి.

ఏ చెట్టు అన్నది ఇంకా ముఖ్యం. కోనోకార్పస్ త్వరగా పచ్చబడుతుందని ఎక్కడపడితే అక్కడ పెట్టేశారు. దాని వేళ్లు పైపుల్లోకి, డ్రైన్లలోకి దూరతాయన్న ఫిర్యాదులు, పుప్పొడి ఇబ్బందులు చూసి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. తురాయి పూస్తే ఎంత అందమో, గాలికి అంత తేలిగ్గా కొమ్మలు విరుగుతాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలకి తోటలే నేలకొరిగాయి. ఆ రాత్రి చూసినవాళ్లు పిల్లలు ఆడే చోట పెళుసు చెట్టు పెట్టరు. నేను ఎక్కువగా వేయించేవి కానుగ, పొగడ, నేరేడు, వేప. కానుగ కాస్త ఉప్పుకీ తట్టుకుంటుంది, నిలిచిన నీళ్లకీ తట్టుకుంటుంది. ఫొటోలో అంత బాగుండకపోవచ్చు, కానీ పదేళ్లకి దాని కింద నలభై మంది కూర్చోవచ్చు.

అపోహ: లైబ్రరీ మున్సిపాలిటీది

చాలావరకు కాదు. మన రాష్ట్రంలో శాఖా గ్రంథాలయాలని నడిపేది జిల్లా గ్రంథాలయ సంస్థ. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల సెస్సు మున్సిపాలిటీ వసూలు చేసి ఆ సంస్థకి జమ చేయాలి. మీ పన్ను 2,500 రూపాయలైతే దాని మీద లైబ్రరీ సెస్సు 200 రూపాయలు. అది మున్సిపాలిటీ సొమ్ము కాదు, మా చేతి మీదుగా వెళ్లే సొమ్ము. అది ఆలస్యమైతే అక్కడ పుస్తకాలు కొనడం ఆగిపోతుంది, పత్రికల బిల్లు ఆగిపోతుంది. మా విభాగం చేయగలిగింది స్థలం, భవనం, దీపాలు, మరుగుదొడ్డి, నీళ్లు. అలాగే ప్రతి మూడు నెలలకీ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని లెక్కల విభాగాన్ని అడగడం. నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే.

మన దగ్గర లైబ్రరీలు ప్రభుత్వం ఇవ్వకముందే జనం పెట్టుకున్నవి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వసురాయ గ్రంథాలయంగా మొదలై, ఊరివాళ్ల చేతుల మీద పెరిగి, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. మన పొరుగు కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పించారు. అంత చరిత్ర ఉన్న చోట సెస్సు బకాయి పడిందంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

అపోహ: చేతిలో ఫోన్ ఉండగా లైబ్రరీకి ఎవరొస్తారు

2025లో మెగా డీఎస్సీకి 16,347 టీచర్ పోస్టుల ప్రకటన వచ్చిన వేసవిలో మా పఠనమందిరానికి వచ్చి చూడాల్సింది. కుర్చీలు చాలక పిల్లలు మెట్ల మీద, వరండాలో గోడకి ఆనుకుని చదివారు. గ్రూప్స్, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు. ఫోన్ ఉంది, పీడీఎఫ్‌లు ఉన్నాయి. రెండు గదుల ఇంట్లో టీవీ మోగుతుంటే చదువుకోవడానికి చోటే లేదు. ఒకమ్మాయి రోజూ టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, కూర్చోవడానికి మడతపెట్టిన దుప్పటి ముక్క తెచ్చుకునేది. కిటికీ పక్కన ఒక ప్లగ్ దగ్గర ఆమె చోటు. ఏం కావాలమ్మా అని అడిగితే కొత్త పుస్తకాలు అడుగుతుందనుకున్నాను. "ఆడవాళ్ల బాత్రూమ్‌కి తాళం తీయించండి మేడం. నీళ్లు తాగకుండా కూర్చుంటున్నాం" అంది.

శాఖా గ్రంథాలయాలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. చదువుకునే పిల్లలకి మధ్యాహ్నమే కావాలి. అందుకే మా పఠనమందిరం పగలంతా తెరిచి ఉంచుతున్నాం. పేపరు చదవడానికి వచ్చే పెద్దాయనలకి వరండాలో వేరే బల్ల వేశాం. వాళ్లకి రాజకీయం మాట్లాడుకోకపోతే తోచదు, వీళ్లకి మాట వినిపిస్తే చదువు సాగదు. ఇద్దరూ మనవాళ్లే.

అపోహ: గేటుకి తాళం వేస్తేనే పార్కు భద్రం

తాళం వేసిన పార్కులోకి గోడ దూకి వెళ్లేది సీసాలు పట్టుకున్నవాళ్లే. ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు దూకలేరు కదా. మా పట్టణంలో ఖాళీ సీసాలు ఎక్కువ దొరికినవి తాళం ఎక్కువ వేసిన పార్కుల్లోనే. వేకువన అయిదింటికి నడకకి వచ్చే ఆడవాళ్లు, సాయంత్రం ఆటలకి వచ్చే పిల్లలు, ఎనిమిదింటిదాకా వెలిగే దీపం, వీటికి మించిన కాపలా నాకు కనపడలేదు.

అపోహ: నిధులు రాగానే అన్నీ బాగుపడతాయి

కట్టడానికి నిధులు వస్తాయి. నడపడానికి రావు. పట్టణాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకం నిధుల్లో పార్కులు, పచ్చదనానికి పరిమితి 2.5 శాతం ఉండేది. కేంద్ర 15వ ఆర్థిక సంఘం 2021-26కి మనలాంటి పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం మంచినీళ్లకి, పారిశుద్ధ్యానికి ముడిపడి ఉండేది. మిగిలిన 40 శాతం కోసం రోడ్లు, డ్రైన్లు, కల్వర్టులు అన్నీ పోటీపడేవి. అందులోంచి జీతాలు ఇవ్వడానికీ కుదిరేది కాదు. అంటే తోటమాలి, కాపలా మనిషి, కరెంటు బిల్లు మున్సిపాలిటీ సొంత ఆదాయం నుంచే రావాలి. అందుకే కొత్త పార్కు ప్రతిపాదన వచ్చినప్పుడు నేను అంచనా కాగితం కంటే ముందు మనిషి సంగతి అడుగుతాను. తోటమాలి లేని పార్కుకి శిలాఫలకం వద్దంటాను. దీనివల్ల కొందరికి నా మీద కోపం ఉంది, ఉండనివ్వండి. ఓపెన్ జిమ్‌ల గురించి కూడా ఒక్క మాట: సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బేరింగులకి గ్రీజు పెట్టే మనిషిని ముందు చూసుకోకపోతే అవి తుప్పుపట్టి, పిల్లల వేళ్లు నలిపేవిగా మిగులుతాయి.

అపోహ: నిరాశ్రయుల వసతిగృహం బిచ్చగాళ్ల కోసం

జనాభా లక్షకి ఒక వసతిగృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. మా వసతిగృహంలో పడుకునేవాళ్లలో హోటల్ పనివాళ్లు, చెరువుల పనికి వచ్చిన కూలీలు, ప్రభుత్వాసుపత్రిలో భార్యని చేర్చి తనకి చోటులేక వచ్చిన భర్తలు ఎక్కువ.

అపోహ: కమ్యూనిటీ హాలంటే పెళ్లిళ్ల హాలు

పెళ్లిళ్లకి, ఓణీల ఫంక్షన్లకి, దినకార్యాలకి అద్దెకిస్తాం, నిజమే. కానీ వరదలొచ్చే నెలల కోసమే నాకు నిద్రపట్టదు.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి, అంటే 10 లక్షల క్యూసెక్కులకి, మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకి రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకి మూడోది. 1986లో 35 లక్షలు వచ్చింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. భద్రాచలంలో గోదావరి పెరిగిందంటే మనకి ఇంచుమించు ఒక రోజు గడువు ఉన్నట్టు. ఆ ఒక్క రోజులో లంకల నుంచి, ఏటిగట్టు లోపలి ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఆ హాలే ఇల్లవ్వాలి.

ఒక శ్రావణమాసంలో రెండో హెచ్చరిక వచ్చిన రోజే మా హాల్లో మర్నాటి పెళ్లికి పందిరి వేసి ఉంది. పెళ్లికూతురి తండ్రి దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముహూర్తం గుళ్లో కానిచ్చేస్తామండి. వంటలు మాత్రం ఇక్కడే సాగనివ్వండి, వచ్చేవాళ్లకీ కలిపి వండించేస్తాను" అన్నారు. ఆ రెండు పూటలూ పెళ్లి భోజనమే వరద బాధితులకి అన్నం. ఆ ఏడాది నుంచి బుకింగ్ కాగితంలో ఒక షరతు ముద్రిస్తున్నాం: ప్రమాద హెచ్చరిక వస్తే హాలు ఖాళీ చేయాలి, అద్దె పూర్తిగా తిరిగిస్తాం.

తాళంచెవులు మూడు చేయించాం. ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి వార్డు ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర, ఒకటి హాలు పక్కింట్లో ఉండే డ్వాక్రా సంఘం లీడర్ దగ్గర. అర్ధరాత్రి నిజంగా పనికొచ్చింది మూడోదే. జనరేటర్ని నేల మీంచి లేపి దిమ్మ మీదికి ఎక్కించాం.

ఇంకొకటి. ఆ వరదలో మొదటి రాత్రి ఆడవాళ్ల బాత్రూమ్‌కి లోపలి గడియ లేదు. ఒక తల్లి తన ఇద్దరు ఆడపిల్లల కోసం, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆడమనిషి కోసం, తెల్లవార్లూ బయట తలుపు పట్టుకుని నిలబడింది. పొద్దున నేను వెళ్లేసరికి కూడా అక్కడే ఉంది. ఇప్పుడు ఏటా జూన్ మొదటివారంలో హాళ్ల తనిఖీకి వెళితే ఆ తలుపు దగ్గరికే ముందు వెళతాను. లోపలికి వెళ్లి, గడియ వేసి, బయట ఒకరిని తోసి చూడమంటాను.