చిమానేల మెదడు, మనం చెడ్డదన్న జన్యువు

1993లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు అపోఈ4 అనే జన్యు రకానికీ అల్జీమర్స్‌కీ లింకు ఉందని చూపించారు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒకటి వస్తే ముప్పు ఎక్కువ, ఇద్దరి దగ్గర్నుంచీ వస్తే ఇంకా ఎక్కువ. అప్పట్నుంచీ దానిమీద చెడ్డ జన్యువనే ముద్ర పడిపోయింది. ఆ ముద్ర వేసింది ఎవర్ని చూసి? ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్లని, అంటే కుర్చీలో పని చేసుకునే, కడుపులో పురుగుల్లేని మనుషుల్ని చూసి.

బొలీవియాలో, అమెజాన్ అడవి అంచున మానికి నది పొడవునా చిమానేలు అనే ఆదివాసులు ఉంటారు. అరటి, కర్రపెండలం, వరి పండించుకుంటారు, చేపలు పడతారు, వేటాడతారు. హిలార్డ్ కాప్లన్, మైకేల్ గర్వెన్ అనే మానవశాస్త్రవేత్తల బృందం 2002 నుంచి వాళ్లకి వైద్యం అందిస్తూనే పరిశోధన చేస్తోంది. స్కాన్ తీయించుకోవాలంటే ఆ ఊళ్ల పెద్దవాళ్లు పడవెక్కి, తర్వాత జీపెక్కి, ఒకటి రెండు రోజులు ప్రయాణం చేసి బొలీవియాలోనే ఉన్న ట్రినిడాడ్ పట్నానికి రావాలి. అలా వచ్చిన 705 మందిలో నూటికి 85 మందికి గుండె ధమనుల్లో, గుండెజబ్బు ముప్పుకి గుర్తయిన కాల్షియం జాడే లేదని 2017లో బయటపడింది. 2021లో మెదడు లెక్క వచ్చింది: వయసుతో పాటు మెదడు కుంచించుకుపోవడం అమెరికా, యూరప్‌లతో పోలిస్తే 70 శాతం నెమ్మది. ఆ మరుసటి ఏడు 60 దాటిన వాళ్లలో డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే జబ్బు, చూస్తే నూటికి ఒకరు, అంతే.

మరి వాళ్లలో అపోఈ4 లేదా అంటే, ఉంది. బెన్ ట్రంబుల్ అనే పరిశోధకుడి బృందం పరీక్షిస్తే, కొంకిపురుగుల్లాంటివి ఒంట్లో బాగా ఉన్నవాళ్లలో ఈ జన్యువు ఉన్నవాళ్ల జ్ఞాపకం, ఆలోచన తగ్గలేదు సరికదా కొన్ని పరీక్షల్లో మెరుగ్గా కూడా ఉన్నాయి! 2023లో ఇంకోటి తెలిసింది, ఈ జన్యువున్న చిమానే ఆడవాళ్లకి పిల్లలు కాస్త ఎక్కువమంది. తరతరాలుగా ఇది మనలో ఎందుకు మిగిలిందో నాకు ఇక్కడే కొంత అర్థమైంది.

అలాగని అడవి బతుకు హాయి అనుకోవద్దు. ఇన్ఫెక్షన్లు, పొయ్యి పొగ, చిన్నపిల్లల చావులు, అన్నీ ఉన్నాయి. మెదడు రక్తనాళాల్లో కాల్షియం గట్టిపడటం కూడా స్కాన్లలో కనిపించింది.

ఇప్పుడు మోటారు పడవల్లో పంచదార, నూనె ఆ ఊళ్లకి చేరుతున్నాయి, కడుపులో పురుగుల్ని పోగొట్టే మందులూ వెళుతున్నాయి. ఆ మందులు వద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ ఒంట్లో పురుగులు తక్కువున్న చిమానేల్లో, అపోఈ4 ఉన్నవాళ్లు పరీక్షల్లో వెనకబడ్డారని ట్రంబుల్ అధ్యయనంలోనే ఉంది.