మన్యం ఊళ్ల పుట్టుక: అపోహలు - వాస్తవాలు

అరకు, అనంతగిరి, ముంచంగిపుట్టు వైపు ఊళ్ల చరిత్రలు సేకరించడం నా పని. అందులో సగం కాలం, ఎవరో ముందే రాసిపెట్టిన తప్పులు చెరపడానికే పోతుంది.

అపోహ: బొర్రా గుహల్ని 1807లో జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు, అప్పటి నుంచే ఆ ఊరికి చరిత్ర.

వాస్తవం: ఆ సంస్థ పుట్టిందే 1851లో. కింగ్ దానికి డైరెక్టరుగా ఉన్నది 1887 నుంచి 1894 వరకు. 1807లో బొర్రాకు రావాలంటే ఆయన పుట్టకముందే బయల్దేరాలి! ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకుంటూ పోవడంతో ఆ ఏడాది అలా స్థిరపడిపోయింది. ఊళ్లో చెప్పే కథ వేరు. మేతకెళ్లిన ఆవు కన్నంలోంచి గుహలో పడిందట. వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందట. లింగం సంగతి ఎవరి నమ్మకం వాళ్లది. నా కళ్లు మాత్రం ఆవు మీదే ఉంటాయి. కథ ఎంత పాతదైనా, పొద్దుగూకేసరికి ఆ మందను తోలుకెళ్లడానికి పక్కన ఒక ఊరుండాలి కదా.

అపోహ: పేరు చివర ‘గుడ’ ఉంటే ఒడిశా నుంచి వలసొచ్చిన వాళ్ల ఊరు.

వాస్తవం: ఎప్పటి ఒడిశా? కొరాపుట్, జైపూరు ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 దాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. సరిహద్దు గీత పడింది ఆ రోజున. అంతకుముందు చుట్టరికాలు, సంతలు, పండగలు అన్నీ కొండకు అటూ ఇటూ నడిచేవి. ఆదివాసీ ఒడియా ఇప్పటికీ అరకు సంతలో నడిచే భాషే. ఊరి పేరులో ఆ భాష వినిపిస్తే వలసకు రుజువు దొరికినట్టు కాదు.

అపోహ: రైలొచ్చాకే అరకులో ఊళ్లు వెలిశాయి.

వాస్తవం: కొత్తవలస - కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది. దాంతో పెరిగినవి లాడ్జీలు, హోటళ్లు.

అపోహ: రికార్డు ఎంత పాతదో ఊరు అంత పాతది.

వాస్తవం: చదువుకున్న వాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇది. 1839 చట్టంతో ఈ కొండల్ని మామూలు పాలన నుంచి విడదీసి ఏజెన్సీ చేశారు. చాలాచోట్ల శిస్తు ముఠాదారు, అంటే కొన్ని ఊళ్లు కలిపిన ముఠాకు పెద్ద, చేతుల మీదుగానే పోయేది. ముఠాలను రద్దు చేసిన రెగ్యులేషన్ 1969 నాటిది. మరి ఊరూరా పాత కాగితం ఎక్కడ దొరుకుతుంది? పైగా ఊరు ఒకేచోట ఉండేది కాదు. పోడు నేల అలిసిపోయినా, అంటురోగం తగిలినా, జనం లేచి మరో మెట్ట మీద దిగేవారు. జోలాపుట్ జలాశయంలో నేల మునిగినవాళ్లూ అలాగే చెదిరారు.

అందుకే నేను ముందు చెట్లు చూస్తాను. అడవి మధ్యలో, మనిషి జాడ లేనిచోట, నాలుగు పనసలు, ఓ ముసలి చింత దగ్గరదగ్గరగా కనిపిస్తే ఆగుతాను. చుట్టూ ఆకులు తోస్తే కుండ పెంకులు తేలతాయి. బండ మీద దంచి దంచి నున్నబడ్డ గుంట ఉంటుంది. తర్వాత ఇప్పటి ఊళ్లోకెళ్లి, ఊరి దేవతగా కొలిచే నిశానీ రాయి ఎక్కడి నుంచి తెచ్చారో, పూజలకు ముహూర్తాలు పెట్టే దిశారిని అడగాలి.

మొదట్లో ఇవేం తెలీక, ఒక పెద్దాయన్ని సూటిగా అడిగేశాను, ఈ ఊరు ఎప్పుడు పుట్టిందని.

“ఏ ఊరు బాబూ? ఇదా, పనసల కాడిదా, దానికి ముందుదా?” అన్నాడు.