రెండు పేజీల కాగితం, తెమలని కేసు

సెప్టెంబర్ 11 దాడుల కేసు మళ్లీ మొదటికొచ్చింది. ఖాలిద్ షేక్ మొహమ్మద్, వలీద్ బిన్ అతాష్, ముస్తఫా అల్ హౌసావీ నేరం ఒప్పుకోవాలి, ప్రభుత్వం మరణశిక్ష కోరకుండా యావజ్జీవంతో సరిపెట్టుకోవాలి అని 2024 జులైలో కుదిరిన ఒప్పందాన్ని వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు 2025 జులై 11న కొట్టేసింది. ముగ్గురు జడ్జిల్లో ఒకరు విభేదించారు. ఒప్పందం బయటికొచ్చిన రెండు రోజులకే అప్పటి రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ దాన్ని రద్దు చేశారు. ఆ అధికారం ఆయనకు ఉందా లేదా అన్న దాని మీదే ఏడాదిపాటు కోర్టుల్లో నలిగింది. ఉందని ఇప్పుడు తేలింది.

రద్దును సమర్థించేవారి వాదన సూటిగానే ఉంది. దాదాపు 3,000 మందిని పొట్టన పెట్టుకున్నవారి మీద అందరూ చూసేలా విచారణ జరగాలి, మరణశిక్షకు అవకాశం ఉండాలి, బాధిత కుటుంబాలకు ఆ మాత్రం హక్కుంది. కాదనలేని మాటే. అయితే ఆ విచారణ ఇన్నేళ్లుగా ఎందుకు మొదలుకాలేదో ఈ వాదన చెప్పదు. ఇప్పుడున్న అభియోగాల మీద నిందితులను 2012 మే 5న జడ్జి ముందు నిలబెట్టారు. అప్పటినుంచి నడిచినవన్నీ విచారణకు ముందటి వాయిదాలే. సీఐఏ రహస్య జైళ్లలో వీళ్లను ఏం చేశారు, ఆ తర్వాత వీళ్లు చెప్పినది సాక్ష్యంగా నిలుస్తుందా అన్న దగ్గరే బండి ఆగిపోయింది.

కూలిన జంట సౌధాలు, అఫ్గాన్ యుద్ధం, కంచె లోపల నారింజ రంగు దుస్తుల్లో మోకాళ్ల మీద కూర్చున్న ఖైదీల ఫొటో అందరికీ గుర్తున్నవే. నా లెక్కన కథ మలుపు తిరిగింది వాటి దగ్గర కాదు. 2002 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన రెండు పేజీల ఉత్తర్వు దగ్గర.

యుద్ధంలో పట్టుబడ్డవారిని ఎలా చూడాలో చెప్పే జెనీవా అంతర్జాతీయ ఒప్పందాలు అల్ ఖైదా ఖైదీలకు వర్తించవని ఆ ఉత్తర్వు చెప్పింది. నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ ఉన్న మూడో అధికరణ కూడా వర్తించదంది. యుద్ధంలో పట్టుబడ్డవాడు ఎవడైనా సరే, అతని మానవ గౌరవానికి భంగం కలిగించకూడదని, అవమానించకూడదని చెప్పేది ఆ అధికరణే. దాన్ని పక్కన పెట్టేశాక ఉత్తర్వు ఇంకో మాట చేర్చింది. ఖైదీలను, ‘చట్టప్రకారం అలాంటి మర్యాదకు అర్హులు కానివారితో సహా’, విధానంగా మానవీయంగానే చూస్తామని. అంటే అప్పటిదాకా ఖైదీకి హక్కుగా ఉన్నది పట్టుకున్నవాడి దయ అయిపోయింది. అదైనా సైన్యం విషయంలోనే. ఉత్తర్వులో ఆ హామీ ‘సాయుధ బలగాల’ పేరనే ఉంది, సీఐఏ ఊసు లేదు. ఆ ఖాళీ పొరపాటున మిగిలిందని నేననుకోను.

ఉత్తర్వుకు ముందు ప్రభుత్వం లోపల గొడవ జరిగింది. విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్, ఆయన న్యాయ సలహాదారు విలియం టాఫ్ట్ అభ్యంతరం చెప్పారు. వైట్‌హౌస్ న్యాయవాది అల్బెర్టో గొంజాలెస్ పేరుతో జనవరి 25న తయారైన చిత్తుప్రతి వేరే దారి పట్టింది. జెనీవా వర్తించదని తేల్చేస్తే, 1996 నాటి యుద్ధ నేరాల చట్టం కింద అమెరికా అధికారుల మీదే కేసులు పడే ముప్పు తగ్గుతుందని అందులో ఉంది. ఆంత్రాక్స్ పొడి ఉత్తరాల్లో వచ్చి ఐదుగురి ప్రాణం తీసి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. మరో దాడి ఏ క్షణాన్నైనా జరగొచ్చన్న భయం నిజమైనదే. కానీ ఆ చిత్తుప్రతిలో కనపడే భయం ఇంకొకటి.

ఉత్తర్వుకు తొలి పరీక్ష ఏడు వారాల్లోనే వచ్చింది. మార్చి 28న పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో, అల్ ఖైదాలో పెద్ద తలకాయని అనుకున్న అబూ జుబేదాను తూటా గాయాలతో పట్టుకుని థాయ్‌లాండ్‌లోని రహస్య స్థావరానికి చేర్చారు. మొదట అతనితో మాట్లాడింది ఎఫ్‌బీఐ మనుషులు. వారిలో ఒకరైన అలీ సుఫాన్ 2009 మేలో సెనేట్ ఉపసంఘం ముందు తెర చాటు నుంచి ఇచ్చిన వాంగ్మూలం చదవదగ్గది. పేరేమిటని అడిగితే జుబేదా దొంగపేరు చెప్పాడట. ‘నిన్ను హానీ అని పిలవనా?’ అన్నాడట సుఫాన్. చిన్నప్పుడు తల్లి పెట్టిన ముద్దుపేరు అది. నిర్ఘాంతపోయి సరేనన్నాడు, మాటలు మొదలయ్యాయి. గాయాలకు కట్లు కట్టించుకుంటూ, చేతికిచ్చిన ఫొటో చూసి అతను చెప్పిన సంగతితోనే దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మొహమ్మద్ అని ఎఫ్‌బీఐకి తెలిసింది. అప్పటికి ఒక్క దెబ్బ కూడా పడలేదు.

ఆ తర్వాత సీఐఏ కాంట్రాక్టు మీద మనస్తత్వ నిపుణులు దిగారు. జేమ్స్ మిచెల్, బ్రూస్ జెస్సెన్. ఇద్దరూ అంతకుముందు అమెరికా వైమానిక దళంలో, శత్రువుకు చిక్కితే చిత్రహింసను ఎలా తట్టుకోవాలో నేర్పే శిక్షణలో పనిచేసినవారు. ఆ శిక్షణకు మూలం కొరియా యుద్ధంలో చైనా సైనికులు అమెరికన్ బందీల మీద వాడిన పద్ధతులు. బందీలతో చేయని నేరాలు ఒప్పించడానికి పనికొచ్చిన పద్ధతులు అవి. నిజం రాబట్టడానికి వాటినే ఎంచుకోవడం ఏమిటో ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడుపడదు.

ఆగస్టు 1న న్యాయశాఖ నుంచి జాన్ యూ, జే బైబీల మెమోలు వచ్చాయి. అవయవాలు చెడిపోయేంత, ప్రాణం పోయేంత నొప్పి కలిగిస్తేనే చిత్రహింస అవుతుందన్నాయి. ఆ ఆగస్టులో జుబేదాకు 83 సార్లు వాటర్‌బోర్డింగ్ చేశారు. బల్లకు కట్టి, ముఖం మీద గుడ్డ వేసి, ఊపిరాడకుండా నీళ్లు పోశారు. శవపేటికంత పెట్టెలో మొత్తం 266 గంటలు ఉంచారు. ఈ వివరాలు 2014 డిసెంబర్‌లో సెనేట్ నిఘా కమిటీ బయటపెట్టిన నివేదికలోవి. అతను అల్ ఖైదా సభ్యుడని తాము అనడం లేదని తర్వాత ప్రభుత్వమే కోర్టులో చెప్పింది. విచారణలు రికార్డు చేసిన 92 టేపులను సీఐఏ 2005లో ధ్వంసం చేసింది. మిచెల్, జెస్సెన్‌ల కంపెనీకి ముట్టిన మొత్తం 8.1 కోట్ల డాలర్లు.

సీఐఏ వాదన వేరు. తప్పులు జరిగాయి గానీ, ఆ కార్యక్రమం వల్ల దొరికిన సమాచారం దాడులను ఆపింది, ప్రాణాలు కాపాడింది అని ఆ సంస్థ 2014లో అంది. అదే కాలంలో ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీ అనే ఖైదీని ఈజిప్టుకు అప్పగిస్తే, ఇరాక్‌కూ అల్ ఖైదాకూ సంబంధముందని అక్కడ ‘ఒప్పుకున్నాడు’. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో పావెల్ చేసిన ప్రసంగంలో అది చోటు చేసుకుంది. మరుసటి ఏడు అల్ లిబీ ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే ఇరాక్ యుద్ధం మొదలైపోయింది.

2006 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు హమ్దాన్ అనే ఖైదీ వేసిన కేసులో మూడో అధికరణ అల్ ఖైదా ఖైదీలకూ వర్తిస్తుందని తేల్చింది. సెప్టెంబర్ 15న విలేకరుల ముందు బుష్ విసుక్కున్నారు. ఆ అధికరణ చాలా అస్పష్టంగా ఉందట. ‘మానవ గౌరవానికి భంగం అంటే ఏమిటి?’ అని అడిగారు. అప్పటికి ఖాలిద్ షేక్ మొహమ్మద్‌కు 183 సార్లు వాటర్‌బోర్డింగ్ జరిగి మూడేళ్లు దాటింది.

అదే నెలలో అతన్నీ, మరో 13 మందినీ రహస్య జైళ్ల నుంచి క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో ఉన్న జైలుకు తెచ్చారు. కోర్టులో పనికొచ్చే వాంగ్మూలం కావాలి గనక, 2007 జనవరిలో ఎఫ్‌బీఐ మనుషులు వచ్చి మర్యాదగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. వీళ్లకు ‘క్లీన్ టీమ్’ అని పేరు. ఇప్పటి తగాదా ముడి అంతా ఇక్కడే ఉంది. రహస్య జైళ్లలో కొట్టిన దెబ్బలను కొన్ని రోజుల మర్యాద తుడిచేస్తుందా? 2000లో అమెరికా యుద్ధనౌక యూఎస్ఎస్ కోల్ మీద జరిగిన దాడి కేసులో నిందితుడు అల్ నషీరీ ఇచ్చిన వాంగ్మూలాన్ని 2023 ఆగస్టులో మిలిటరీ జడ్జి పక్కన పెట్టేశారు. 2025 ఏప్రిల్‌లో సెప్టెంబర్ 11 కేసులోనే, ఒప్పందంలో చేరని అమ్మార్ అల్ బలూచి వాంగ్మూలానికీ అదే గతి పట్టింది. విచారణ పద్ధతులు నేర్చుకునేవారు వరసలో నిలబడి, వంతులవారీగా ఇతన్ని గోడకేసి కొట్టారని సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికే చెప్పింది. ఐదో నిందితుడు రమ్జీ బిన్ అల్ షిబ్ మానసికంగా విచారణకు తగిన స్థితిలో లేడని 2023 సెప్టెంబర్‌లోనే పక్కకు తీశారు.

ప్రాసిక్యూటర్లు రెండేళ్లకు పైగా బేరమాడి ఒప్పందానికి వచ్చింది జాలితో కాదు, చేతిలోని సాక్ష్యం ఒక్కొక్కటే జారిపోతుంటే. బాధిత కుటుంబాల్లో కొందరు ఒప్పందాన్ని ద్రోహమన్నారు. మరికొందరు, ముఖ్యంగా ‘పీస్‌ఫుల్ టుమారోస్’ సంఘంవారు, తీర్పు అంటూ రావడానికి మిగిలిన దారి అదొక్కటేనన్నారు. ఒప్పందం ప్రకారం కుటుంబాలు అడిగే ప్రశ్నలకు నిందితులు జవాబివ్వాల్సి ఉండేది. రద్దుతో ఆ జవాబులూ పోయాయి. 2007 వాంగ్మూలాల మీద వాదన ఖాలిద్ షేక్ మొహమ్మద్ విషయంలో ఇక మళ్లీ మొదలుకావాలి.

గ్వాంటనామోలో మొత్తం 780 మంది దాకా గడిపారు, 2025 జనవరి నాటికి 15 మంది మిగిలారు. వారిలో ముగ్గురి మీద అభియోగమూ లేదు, విడుదలకు అనుమతీ లేదు. ఆ ముగ్గురిలో ఒకడు అబూ జుబేదా. 2002 జులైలో, పెట్టెలూ నీళ్లూ మొదలుకాక ముందే, థాయ్‌లాండ్‌లోని బృందం ప్రధాన కార్యాలయానికి తంతి పంపింది. ఇతను బతికినంతకాలం ఒంటరిగా, బయటివారెవరితో మాట్లాడే వీలులేకుండా ఉంటాడని హామీ కావాలని అడిగింది. హామీ ఇచ్చారు.